న్యూయార్క్‌లో సబ్‌లీజుకు దిగే మన విద్యార్థులకు, ఇక్కడి నుంచి డబ్బు పంపే తల్లిదండ్రులకు

గుంటూరు బ్రాడీపేట నుంచో, విజయవాడ మొగల్రాజపురం నుంచో న్యూయార్క్ విశ్వవిద్యాలయాలకు వెళ్లే విద్యార్థులు విమానం ఎక్కకముందే అక్కడ గది కుదుర్చుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ గది చాలాసార్లు ఇంటి యజమాని దగ్గర నేరుగా దొరకదు. అక్కడ ముందే లీజు తీసుకుని ఉంటున్న సీనియర్ ఎవరో, ఉద్యోగం వచ్చి వేరే రాష్ట్రానికి వెళ్తూనో, ఇంటర్న్‌షిప్ కోసం కొన్ని నెలలు ఊరు మారుతూనో, తన పేరున ఉన్న అపార్ట్‌మెంటును మరొకరికి ఉప అద్దెకు, అంటే సబ్‌లీజుకు, అప్పగిస్తారు. మన ఊరివాళ్లే కదా అన్న ధైర్యంతో కాగితం రాసుకోకుండానే మొదటి నెల అద్దె, డిపాజిట్టు రూపాయల్లో ఇక్కడే సీనియర్ తండ్రిగారి ఖాతాలోకి వెళ్లిపోతాయి. తరువాత అద్దె పెంచినా, తాళం మార్చినా, అసలు యజమాని వచ్చి మీరెవరని అడిగినా, లీజులో తమ పేరు లేదు కాబట్టి తమకు ఏ హక్కూ లేదని పిల్లలు అనుకుని రాత్రికి రాత్రి సామాను సర్దుకుంటారు. అలా అనుకోవడం పొరపాటు. న్యూయార్క్ నగరంలో అద్దె నియంత్రణ కింద ఉన్న అపార్ట్‌మెంట్లలో ఉప అద్దెదారుకు చట్టం కొన్ని గట్టి హక్కులు ఇచ్చింది. అయితే వాటిలో చాలా భాగం చేతిలో కాగితం ఉన్నవారికే ఉపయోగపడతాయి.

ఇక్కడ చెప్పేవన్నీ న్యూయార్క్ నగరానికి సంబంధించిన సంగతులు. మన పిల్లలు ఎక్కువగా ఉండే జెర్సీ సిటీ హడ్సన్ నదికి అవతల ఉన్నా అది న్యూజెర్సీ రాష్ట్రం, అక్కడి చట్టం వేరు. కనుక గది చిరునామా నదికి ఏ వైపున ఉందో ముందుగా చూసుకోవాలి.

అపార్ట్‌మెంటు నియంత్రణలో ఉందో లేదో తేల్చుకోవడం

న్యూయార్క్ నగరంలో దాదాపు పది లక్షల అపార్ట్‌మెంట్లు రెంట్ స్టెబిలైజేషన్ అనే అద్దె నియంత్రణ పద్ధతి కింద ఉన్నాయి. 1974 జనవరి 1కి ముందు కట్టిన, ఆరు లేదా అంతకన్నా ఎక్కువ వాటాలున్న (విడి అపార్ట్‌మెంట్లున్న) భవనాలు సాధారణంగా దీని పరిధిలోకి వస్తాయి. పన్ను రాయితీ తీసుకున్నందుకు కొన్ని కొత్త భవనాలు కూడా వస్తాయి. వీటిలో అద్దె ఎంత పెంచవచ్చో యజమాని ఇష్టానికి వదిలిపెట్టరు. రెంట్ గైడ్‌లైన్స్ బోర్డు ప్రతి ఏడాదీ ఒక శాతం నిర్ణయిస్తుంది. 2025 అక్టోబరు నుంచి 2026 సెప్టెంబరు మధ్య మొదలయ్యే లీజులకు ఏడాది కాలానికి 3 శాతం, రెండేళ్ల కాలానికి 4.5 శాతం అని ఆ బోర్డు నిర్ణయించింది.

భవనం ఈ జాబితాలో ఉందో లేదో తెలుసుకోవడానికి డీహెచ్‌సీఆర్ అని పిలిచే రాష్ట్ర గృహ విభాగం తన వెబ్‌సైటులో ఒక వెతుకులాట పేజీ పెట్టింది. చిరునామా కొట్టి చూడటానికి గుంటూరులో కూర్చున్నవారికి కూడా అడ్డు లేదు. అయితే భవనం జాబితాలో ఉన్నంత మాత్రాన అందులోని ప్రతి వాటా నియంత్రణలో ఉన్నట్టు కాదు. ఆ సంగతి తేల్చేది రెంట్ హిస్టరీ అనే పత్రం. ఫలానా వాటాకు ఏ సంవత్సరం ఎంత అద్దె నమోదు చేశారో, లీజు ఎప్పటి నుంచి ఎప్పటి వరకో అందులో వరుసగా ఉంటుంది. ఆ ఇంట్లో ఉంటున్న అద్దెదారు అడిగితే డీహెచ్‌సీఆర్ దానిని ఉచితంగా పంపుతుంది. కనుక గది ఇస్తానంటున్న సీనియర్‌ను మీరు అడగవలసినవి రెండు: ఆయన లీజు ప్రతి, ఆ వాటా రెంట్ హిస్టరీ. నియంత్రణలో ఉన్న వాటా లీజుకు అద్దెదారు హక్కులను వివరించే రైడర్ అనే అనుబంధ పత్రం జతచేసి ఉండాలి. అది కనిపిస్తే సగం అనుమానం తీరినట్టే. చూపించడానికి వెనకాడేవారి దగ్గర గది తీసుకోకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. నిజాయితీగా అద్దె అడుగుతున్నవారికి ఆ పత్రాలు దాచవలసిన పని లేదు.

రూమ్‌మేటా, ఉప అద్దెదారా

ఈ రెండింటినీ మన పిల్లలు ఒకే మాటగా వాడుతుంటారు, కానీ చట్టం దృష్టిలో రెండూ వేరు. లీజు ఉన్న వ్యక్తి అదే ఇంట్లో ఉంటూ ఒక గది ఇస్తే మీరు రూమ్‌మేట్. ఆ వ్యక్తి ఇల్లు ఖాళీ చేసి, మళ్లీ వచ్చే వరకు మీకు అప్పగిస్తే మీరు ఉప అద్దెదారు. రూమ్‌మేట్‌ను పెట్టుకోవడానికి యజమాని అనుమతి అక్కరలేదు. లీజులో ఒక్కరి పేరే ఉంటే, తన దగ్గరి కుటుంబంతో పాటు బయటివారిని ఒకరిని ఉంచుకునే హక్కు ఆ అద్దెదారుకు రాష్ట్ర చట్టంలోని 235-ఎఫ్ సెక్షను ఇస్తుంది. యజమాని అడిగిన 30 రోజుల్లోగా ఆ వ్యక్తి పేరు చెబితే చాలు. నియంత్రణలో ఉన్న వాటాలో రూమ్‌మేట్ నుంచి తల ఒక్కింటికి పడే వంతు కన్నా ఎక్కువ అద్దె తీసుకోకూడదు. ఇద్దరున్న ఇంట్లో మొత్తం అద్దె 2,400 డాలర్లయితే మీ వంతు 1,200 డాలర్లకు మించకూడదన్నమాట.

కొత్తగా దిగేవారు పది, పదిహేను రోజులకు తీసుకునే తాత్కాలిక వసతి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. నగరంలో 30 రోజులకన్నా తక్కువ కాలానికి ఇల్లు ఇవ్వాలంటే ఇచ్చేవారు నగర పాలక సంస్థ దగ్గర నమోదు చేసుకుని, అదే ఇంట్లో మీతో పాటు ఉండాలి. అతిథులు ఇద్దరికి మించకూడదు. 2023 సెప్టెంబరు నుంచి ఈ నిబంధనను కఠినంగా అమలు చేస్తున్నారు. నియంత్రణలో ఉన్న వాటాలను అసలు నమోదుకే ఒప్పుకోరు.

యజమాని అనుమతి

మన దగ్గర ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షను ప్రకారం ఒప్పందంలో కాదని రాసుకోకపోతే అద్దెదారు ఉప అద్దెకు ఇవ్వవచ్చు. కానీ మనం రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంట్లలో దాదాపు ప్రతిదానిలోనూ కాదనే రాసి ఉంటుంది కనుక, ఉప అద్దె అంటేనే తప్పు పని అన్న భావన మనలో నాటుకుపోయింది. న్యూయార్క్‌లో పద్ధతి దీనికి భిన్నం. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ వాటాలున్న భవనంలో లీజు ఉన్న అద్దెదారుకు, యజమాని ముందస్తు లిఖిత అనుమతితో ఉప అద్దెకు ఇచ్చే హక్కును న్యూయార్క్ రాష్ట్ర చట్టంలోని 226-బి సెక్షను ఇచ్చింది. సరైన కారణం లేకుండా యజమాని ఆ అనుమతిని నిరాకరించడానికి వీల్లేదు.

కానీ అడగవలసిన విధంగా అడగాలి. అసలు అద్దెదారు, అంటే లీజు తన పేరున ఉన్న వ్యక్తి, తన విన్నపాన్ని సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు సంతకం తిరిగి వచ్చే విధంగా పంపాలి. మన రిజిస్టర్డ్ పోస్టుకు అక్నాలెడ్జ్‌మెంటు కార్డు కట్టినట్టే అక్కడ కవరుకు ఒక ఆకుపచ్చ కార్డు అంటిస్తారు. యజమాని సంతకంతో అది తిరిగి వస్తుంది. ఆ ఉత్తరంలో సబ్‌లీజు ఎంత కాలానికో, ఉప అద్దెదారు పేరు, వారి శాశ్వత చిరునామా, పని చేసే చోటి చిరునామా, తాను ఎందుకు వెళ్తున్నాడో, ఆ కాలంలో తాను ఎక్కడ ఉంటాడో రాయాలి. లీజులో ఇంకెవరి పేరైనా ఉంటే వారి లిఖిత సమ్మతి, హామీదారు ఉంటే వారి సమ్మతి, రాసుకోబోయే సబ్‌లీజు ప్రతి, అసలు లీజు ప్రతి జతచేయాలి. యజమానికి ఇంకా వివరాలు కావలసి వస్తే 10 రోజుల్లోగా అడగాలి. ఉత్తరం పోస్టు చేసిన రోజు నుంచి గాని, అడిగిన అదనపు వివరాలు పంపిన రోజు నుంచి గాని, ఏది తరువాతిదైతే అప్పటి నుంచి 30 రోజుల్లోగా ఒప్పుకున్నట్టో, ఫలానా కారణంతో ఒప్పుకోనట్టో జవాబు ఇవ్వాలి. జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఆ మౌనాన్ని రుజువు చేయవలసి వచ్చిన రోజున ఆ ఆకుపచ్చ కార్డు, పోస్టాఫీసు ముద్ర ఉన్న రసీదే ఆధారం. కనుక సబ్‌లీజు తీసుకునేవారు ఆ రెండింటి ఫొటోలను, ఉత్తరం ప్రతిని తమ దగ్గర పెట్టుకోవాలి. యజమానితో ఫోనులో చెప్పానని, వాచ్‌మన్ లాంటి సూపర్ అనే వ్యక్తికి తెలుసునని సీనియర్ అంటే దానిని అనుమతిగా లెక్కించకండి.

నియంత్రణలో ఉన్న వాటాలకు మరికొన్ని షరతులు కూడా ఉన్నాయి. అసలు అద్దెదారుకు అదే ముఖ్య నివాసమై ఉండాలి, సబ్‌లీజు అయ్యాక తిరిగి రావాలన్న ఉద్దేశం ఉండాలి, ఏ నాలుగేళ్లు తీసుకున్నా అందులో రెండేళ్లకు మించి ఉప అద్దెకు ఇవ్వకూడదు. టెక్సాస్‌లో శాశ్వత ఉద్యోగంలో చేరిపోయి, తక్కువ అద్దె లీజును మాత్రం పేరున ఉంచుకుని ఏటా కొత్త విద్యార్థులను దించేవారు ఈ షరతులను తప్పుతున్నట్టే. అలాంటి ఇంట్లో దిగితే మీ కాలం పూర్తయ్యే లోపే యజమాని ఆ లీజును రద్దు చేయించే ప్రమాదం ఉంటుంది.

అద్దె లెక్క

ఉప అద్దెదారుకు చట్టం ఇచ్చిన అన్ని హక్కుల్లో ఇది బలమైనది. ఈ హక్కు ఉందన్న సంగతే మనవాళ్లలో చాలామందికి తెలియదు, అది నాకు బాధ కలిగిస్తుంది. నియంత్రణలో ఉన్న వాటాను ఉప అద్దెకు ఇచ్చేవారు చట్టబద్ధమైన అద్దె (ఆ వాటాకు యజమాని తీసుకోవడానికి చట్టం ఒప్పుకునే అద్దె) కన్నా ఒక్క డాలరు కూడా ఎక్కువ తీసుకోకూడదు. ఇల్లు పూర్తిగా తన సొంత సామానుతో అమర్చి ఇస్తే మాత్రం అదనంగా 10 శాతం తీసుకోవచ్చు. ఒక పరుపు, ఒక రైస్ కుక్కర్ వదిలి వెళ్తే అది పూర్తిగా అమర్చి ఇచ్చినట్టు కాదు. ఈ హద్దు దాటి వసూలు చేసిన అసలు అద్దెదారు, అధికంగా తీసుకున్న మొత్తానికి మూడింతలు ఉప అద్దెదారుకు చెల్లించవలసి వస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. వాటా చట్టబద్ధమైన అద్దె నెలకు 2,400 డాలర్లు. మంచాలు, బల్లలు, వంటసామాను అన్నీ ఉన్నాయనుకుంటే 10 శాతం, అంటే 240 డాలర్లు కలిపి 2,640 డాలర్ల వరకు తీసుకోవచ్చు. ఇద్దరు విద్యార్థుల దగ్గర తలా 1,600 చొప్పున 3,200 డాలర్లు వసూలు చేస్తే నెలకు 560 డాలర్లు అధికం. తొమ్మిది నెలలకు అది 5,040 డాలర్లు, మూడింతలైతే 15,120 డాలర్లు. దీనిపై డీహెచ్‌సీఆర్‌కు అధిక అద్దె ఫిర్యాదు ఇవ్వవచ్చు, లేదా కోర్టులో దావా వేయవచ్చు. రెండింటికీ ఇల్లు ఖాళీ చేసేదాకా ఆగనక్కరలేదు. పైగా ఉప అద్దెదారుల మీద లాభం గుంజుకున్నందుకే అసలు అద్దెదారు తన లీజును కోల్పోయిన తీర్పులు న్యూయార్క్ కోర్టుల్లో ఉన్నాయి. కనుక, మర్యాదగా రాసిన ఒక ఉత్తరంలో చట్టబద్ధమైన అద్దెను, మీరు కట్టినదాన్ని పక్కపక్కన చూపించి తేడా సర్దమని అడిగితే, తగాదా కోర్టు దాకా పోకుండా తీరే అవకాశమే ఎక్కువ.

డిపాజిట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2019 జూన్‌లో వచ్చిన చట్టం ప్రకారం ఒక నెల అద్దెకు మించి డిపాజిట్టు అడగకూడదు. దరఖాస్తు, విచారణ ఖర్చుల పేరుతో 20 డాలర్లకు మించి తీసుకోకూడదు. ఉప అద్దెకు ఇచ్చేవారికీ ఇది వర్తిస్తుంది.

ఇక్కడి నుంచి డబ్బు పంపేటప్పుడు

తగాదా వచ్చినప్పుడు మన పిల్లల కేసు ఎక్కువగా బలహీనపడేది ఈ చోటే. అమెరికాలోని గదికి అద్దె గుంటూరులో రూపాయల్లో కడితే, ఆ డబ్బు అద్దె కిందే వెళ్లిందని అక్కడి న్యాయమూర్తికి చూపించడం కష్టం. వీలైనంతవరకు అద్దెను విద్యార్థి పేరున ఉన్న అమెరికా బ్యాంకు ఖాతా నుంచి లీజు ఉన్న వ్యక్తి ఖాతాకే, చెక్కు రూపంలో గాని, జెల్ అనే అక్కడి బ్యాంకు బదిలీ సేవ ద్వారా గాని, ఏ నెల అద్దెనో రాసి పంపాలి. మొదటి నెలలో ఖాతా తెరవనందువల్ల ఇక్కడి నుంచి పంపక తప్పకపోతే, పంపిన రోజే విద్యార్థి సీనియర్‌కు ఇలా ఒక సందేశం పెట్టి జవాబు తెప్పించుకోవాలి: "అన్నయ్యా, సెప్టెంబరు నెల అద్దె 1,200 డాలర్లు, డిపాజిట్టు 1,200 డాలర్లు, రెండూ కలిపి రూపాయల్లో ఈ రోజు మా నాన్నగారు మీ నాన్నగారి ఖాతాకు పంపారు. ముట్టాయని ఒక్క మాట రాయండి." పెద్దలను రసీదు అడగడం మొహమాటంగా ఉంటుందని మన ఇళ్లలో వెనకాడతారు, ఇలా అడిగితే మర్యాదకు లోటు ఉండదు, కాగితమూ మిగులుతుంది.

అలాగే సబ్‌లీజు ఒప్పందం ఒక పేజీ అయినా సరే రాసుకుని ఇద్దరూ సంతకం చేయాలి. ఇంటి చిరునామా, వాటా సంఖ్య, మొదలు, ముగింపు తేదీలు, అద్దె, డిపాజిట్టు, ఏ సామాను ఉందో అందులో ఉండాలి. విద్యార్థి ఆ ఇంట్లోనే ఉంటున్నట్టు చూపే ఆధారాలు కూడా మొదటి వారం నుంచే పోగుచేయాలి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు చిరునామా మారితే 10 రోజుల్లోగా విశ్వవిద్యాలయానికి ఎలాగూ తెలియజేయాలి. ఆ నమోదు, బ్యాంకు నుంచి వచ్చే ఉత్తరం, ఆ చిరునామాకు వచ్చిన పార్సిల్ రసీదు, ఇవన్నీ తరువాత పనికొస్తాయి.

తాళం మార్చినా, బయటికి పొమ్మన్నా

ఒక ఇంట్లో వరుసగా 30 రోజులు చట్టబద్ధంగా ఉన్నవారిని గాని, లీజు రాసుకుని దిగినవారిని గాని కోర్టు ఉత్తర్వు లేకుండా బయటికి పంపడం న్యూయార్క్ నగరంలో నేరం. యజమానికి ఎంత వర్తిస్తుందో సబ్‌లీజు ఇచ్చిన సీనియర్‌కూ అంతే వర్తిస్తుంది. తాళం మార్చడం, సామాను వరండాలో పెట్టడం, కరెంటు, నీళ్లు, ఇంటిని వెచ్చగా ఉంచే హీటింగ్ ఆపడం, బెదిరించడం, అన్నీ ఇందులోకే వస్తాయి. అలా చేసినవారి మీద క్రిమినల్ కేసుతో పాటు ఒక్కో ఉల్లంఘనకు 1,000 నుంచి 10,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. సబ్‌లీజు గడువు అయిపోయిన తరువాత కూడా ఖాళీ చేయించాలంటే కోర్టు ద్వారానే చేయించాలి; ఉత్తర్వు వచ్చాక కూడా దానిని అమలు చేసే అధికారులైన మార్షల్ లేదా షెరీఫ్ మాత్రమే, 14 రోజుల నోటీసు ఇచ్చి, ఆ పని చేయాలి.

అటువంటిది జరిగిన రాత్రి చేయవలసినది ఇది. అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి, చట్టవిరుద్ధంగా ఇంటి బయట ఉంచారని చెప్పి, వచ్చిన పోలీసులకు ఒప్పందం, చిరునామా ఉన్న గుర్తింపు కాగితం, అద్దె కట్టిన ఆధారం ఫోనులో చూపించాలి. పోలీసులు కల్పించుకోకపోయినా వారి రిపోర్టు సంఖ్య అడిగి తీసుకోవాలి. మరునాడు ఆ బరోలోని (నగరంలోని ఆ విభాగంలోని) హౌసింగ్ కోర్టుకు, అంటే ఇళ్ల తగాదాలు చూసే కోర్టుకు వెళ్లి, తిరిగి ఇంట్లోకి పంపమని కోరే పిటిషను వేయాలి. అక్కడ వకీలు లేకుండానే పిటిషను వేసుకోవచ్చు, దుబాసీ కావాలని అడిగితే కోర్టే ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. వీసా మీద ఉన్నవారు కోర్టుకు వెళ్తే వీసా పోతుందన్న భయం మన పిల్లల్లో బలంగా ఉంది. కానీ విద్యార్థి వేసే ఈ పిటిషను సివిల్ వ్యవహారం, వీసా వ్యవహారం కాదు. నగర చట్టం వలస స్థితిని బట్టి అద్దెదారులపై వివక్ష చూపడాన్ని కూడా నిషేధించింది. ఇక్కడ తల్లిదండ్రులు ఫోనులో ముందుగా చెప్పవలసిన ధైర్యం ఇదే.

యజమాని కేసు వేసినప్పుడు

అనుమతి లేకుండా ఉప అద్దెకు ఇచ్చారని తెలిస్తే, నియంత్రణలో ఉన్న వాటా యజమాని ముందుగా అసలు అద్దెదారుకు తప్పు సరిదిద్దుకోమని 10 రోజుల నోటీసు, ఆ తరువాత లీజు రద్దు నోటీసు ఇచ్చి, హౌసింగ్ కోర్టుకు వెళ్తాడు. కేసులో ఉప అద్దెదారును కూడా ప్రతివాదిగా చేరుస్తారు. తలుపుకు అంటించిన ఆ కాగితాలు సీనియర్‌వే కదా అని చించి పారేయకూడదు, వాయిదా తప్పకూడదు. హాజరు కాకపోతే మీ మీద కూడా ఏకపక్షంగా ఉత్తర్వు వస్తుంది. 2017 నాటి నగర చట్టం వల్ల ఖాళీ చేయించే కేసుల్లో తక్కువ ఆదాయం ఉన్నవారికి, వలస స్థితితో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం ఉంది. నగర సేవల నంబరు 311కు ఫోన్ చేస్తే దారి చూపుతారు.

ఇక్కడ ఉప అద్దెదారు బలహీనత ఏమిటో కూడా దాచకుండా చెప్పాలి. లీజు పునరుద్ధరణ హక్కు అసలు అద్దెదారుదే, మీది కాదు. ఆయన లీజు పోతే సాధారణంగా మీ సబ్‌లీజూ దానితో పాటే పోతుంది. మీరు నెలనెలా కట్టినా ఆయన యజమానికి కట్టకపోతే ఆ దెబ్బ ఇద్దరికీ తగులుతుంది; అందుకే ప్రతి నెలా యజమానికి అద్దె కట్టిన ఆధారాన్ని చూపించాలని ఒప్పందంలోనే రాసుకోవడం మేలు. ఒక్క సందర్భంలో మాత్రం కోర్టులు ఉప అద్దెదారునే అసలు అద్దెదారుగా గుర్తించిన దాఖలాలున్నాయి: లీజు ఉన్న వ్యక్తి ఎప్పుడూ ఆ ఇంట్లో ఉండకుండా, లాభం కోసమో, చట్టాన్ని తప్పించడం కోసమో మధ్యలో నిలబడి, ఆ సంగతి యజమానికి తెలిసీ సాగనిచ్చినప్పుడు. దీనిని రుజువు చేయడం తేలిక కాదు. మీ ఇంట్లో పరిస్థితి అలా కనిపిస్తే వకీలుకు మొదటి రోజే చెప్పండి.

ఖాళీ చేసే రోజున గోడలు, పొయ్యి, బాత్‌రూము, కిటికీలు తేదీ కనిపించేలా వీడియో తీసి, తాళాలు ఇచ్చినట్టు సందేశం పెట్టి జవాబు తీసుకోవాలి. ఆ రోజు నుంచి 14 రోజుల్లోగా డిపాజిట్టు తిరిగి ఇవ్వాలి, లేదా ఏ నష్టానికి ఎంత పట్టుకున్నారో పద్దు రాసి ఇవ్వాలి. పద్దు ఇవ్వకపోతే పట్టుకునే హక్కే పోతుంది. ఇవ్వకుండా సతాయిస్తే 10,000 డాలర్ల వరకు, చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో స్వయంగా దావా వేసుకోవచ్చు.